పార్కా, ప్లే జోనా, ప్లే గ్రూపా: ఐదేళ్లలోపు పిల్లలకు ఏది ఎంచుకోవాలి?

చిన్నపిల్లలున్న ఇంట్లో సాయంత్రం అయ్యేసరికి ఒకటే ప్రశ్న: వీణ్ణి ఎక్కడికి తీసుకెళ్లాలి? పార్కు ఉంది. టికెట్ కొని వెళ్లే ఇండోర్ ప్లే జోన్ ఉంది. లైబ్రరీలో కథలు చెప్పే కార్యక్రమం ఉంది. నలుగురు తల్లిదండ్రులు కలిసి పెట్టుకున్న ప్లే గ్రూప్ ఉంది. పాటలు, వ్యాయామాలు చేయిస్తామనే బేబీ క్లాసులూ ఉన్నాయి. దేని గురించి అడిగినా "మా పాపకి భలే పనికొచ్చింది" అనేవాళ్లు దొరుకుతారు. వాళ్ల మాట నిజమే. కానీ వాళ్ల పాప వయసు, వాళ్ల ఇంటికి ఆ చోటున్న దూరం, వాళ్ల చేతిలో ఉన్న తీరిక మీవి కావు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నెలకోసారి వెళ్లే గొప్ప చోటు కన్నా, వారానికి మూడు నాలుగుసార్లు వెళ్లగలిగే మామూలు చోటే మేలు. చిన్నపిల్లలు కొత్త చోట మొదట చుట్టూ చూస్తారు, తర్వాత మన కాలు పట్టుకుని నిలబడతారు, ఆ తర్వాతే ఆటలోకి దిగుతారు. మళ్లీ మళ్లీ వచ్చిన చోటయితే ఆ బెరుకు లేకుండా నేరుగా ఆటకే వెళ్తారు. కింద చెప్పినదంతా ఈ దృష్టితోనే చదవండి.

ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు దూరం. కిలోమీటర్లలో కాదు, ఇంట్లోంచి బయల్దేరి అక్కడ బూట్లు విప్పేదాకా పట్టే సమయంలో లెక్కేసుకోండి. డైపర్ బ్యాగు సర్దడం, స్ట్రోలర్ దించడం, లిఫ్ట్ లేకపోతే మోసుకెళ్లడం అన్నీ ఇందులోకే వస్తాయి. రోజుకు రెండుసార్లు నిద్రపోయే బిడ్డకు మెలకువగా, హుషారుగా ఉండే సమయం తక్కువ. అందులో సగం దారిలోనే పోతే అక్కడికి చేరేసరికి మిగిలేది ఏడుపే.

రెండోది వయసు. "0 నుంచి 6 ఏళ్లు" అని బోర్డు పెట్టే చోట్లను నేను కొంచెం అనుమానంగానే చూస్తాను. ఎనిమిది నెలల బిడ్డకు, ఐదేళ్ల పిల్లాడికి ఒకే గది అంటే ఆ గది ఇద్దరిలో ఒక్కరికే పనికొస్తుంది. బిడ్డ పాకే దశలో ఉంటే పాకేవాళ్లకు విడిగా చోటు ఉందా, మధ్యలో అడ్డు ఉందా అన్నది చూడండి.

వయసును బట్టి పిల్లలకు ఏం కావాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచనలు ఇచ్చింది. ఏడాదిలోపు, ఇంకా పాకడం రాని బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు బోర్లా పడుకుని ఆడుకోవాలి. ఒకటి నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు కనీసం 180 నిమిషాల కదలిక ఉండాలి, మూడు నాలుగేళ్ల వాళ్లయితే అందులో ఒక గంట గట్టిగా పరుగెత్తి ఎగరాలి. స్ట్రోలర్‌లోనో సీటులోనో ఒకేసారి గంటకు మించి కట్టేసి ఉంచకూడదు. 180 నిమిషాలు అనగానే టెన్షన్ పడక్కర్లేదు. ఇంట్లో ఇటూ అటూ తిరగడం, మెట్లెక్కడం కూడా ఆ లెక్కలోవే. బయటి చోటు అందులో ఒక భాగం నింపితే చాలు.

మూడోది భద్రత, నాలుగోది శుభ్రత. వీటి వివరాలు ఏ చోటికి ఆ చోట చెబుతాను.

ఐదోది చాలామంది లెక్కలోకి తీసుకోరు: మీకేం కావాలి? రోజంతా పెద్దవాళ్లెవరితోనూ మాట్లాడకుండా గడిపే తల్లికి కావాల్సింది ఆటస్థలం కన్నా ముందు మనుషులు. ఉద్యోగం చేసి అలిసిపోయిన తండ్రికి కూర్చుని కాళ్లు చాపుకునే బెంచీ కావాలి. ఇది స్వార్థమేమీ కాదు. మీకు విసుగు పుట్టించే చోటికి మీరు రెండు వారాలు వెళ్తారు, మూడో వారం మానేస్తారు.

పార్కు

ఖర్చు లేదు, వేళతో పని లేదు, గోల చేసినా ఎవరూ ఏమీ అనరు. నడక వచ్చిన పిల్లలకు దీనికి సాటి వచ్చేది లేదనే అంటాను. ఎగుడుదిగుడు నేల మీద నడవడం, వాలు ఎక్కడం, ఆకులు ఏరడం లాంటివి చదునైన గదిలో నేర్చుకోలేరు. ఏడాదిలోపు బిడ్డకు కూడా చెట్టు నీడన దుప్పటి పరిచి బోర్లా పడుకోబెడితే ఆట మొదలైనట్టే. ఆరు నెలల లోపు వాళ్లకు సన్‌స్క్రీన్ రాయడం కన్నా నేరుగా ఎండ తగలకుండా చూడటమే పద్ధతి, కాబట్టి నీడ లేని పార్కు వాళ్లకు పనికిరాదు.

కొత్త పార్కుకు వెళ్లినప్పుడు ముందు కింద చూడండి, తర్వాత పైన. పిల్లలు పడటం ఖాయం, దేని మీద పడతారన్నదే ప్రశ్న. ఉయ్యాల, జారుడుబండ కింద సిమెంటు గానీ గట్టిపడిన మట్టి గానీ ఉంటే ఆ పార్కును నడకకే వాడుకోండి. మందంగా పోసిన ఇసుక, చెక్క పొట్టు, రబ్బరు నేల అయితే పడినా దెబ్బ తగ్గుతుంది. మామూలు గడ్డి మెత్తగా కనిపించినా, ఎత్తు నుంచి పడేవాళ్లను కాపాడేంత మెత్తన దానికి లేదు. పరికరాల చుట్టూ సుమారు 1.8 మీటర్ల మేర ఖాళీ ఉండాలన్నది అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ సూచన. కటకటాల మధ్య, మెట్ల మధ్య సందు 9 నుంచి 23 సెంటీమీటర్ల మధ్య ఉంటే ప్రమాదం. శరీరం దూరిపోతుంది, తల ఇరుక్కుపోతుంది.

ఎండలో ఉన్న జారుడుబండను మీ చేత్తో ముట్టుకుని చూశాకే బిడ్డను ఎక్కించండి. ఇనుమే కాదు, ప్లాస్టిక్, రబ్బరు కూడా చర్మం కాలేంత వేడెక్కుతాయి. మెడ చుట్టూ తాళ్లున్న చొక్కాలు, స్కార్ఫులు, సైకిల్ హెల్మెట్ ఆట పరికరాలు ఎక్కే ముందు తీసేయాలి. అవి ఎక్కడైనా తగులుకుంటే బిడ్డ వేలాడిపోయే ప్రమాదం ఉంది.

ఇంకొకటి, చాలామంది ప్రేమతోనే చేసేది: బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని జారడం. బిడ్డ ఒంటరిగా జారేటప్పుడు కాలు పక్కకు తగిలితే ఆగిపోతుంది. పెద్దవాళ్ల ఒళ్లో ఉన్నప్పుడు కాలు ఆగినా, వెనకున్న మన బరువు ఆగదు. మోకాలి కింది ఎముక విరిగేది అక్కడే. ఒంటరిగా జారలేని బిడ్డకు ఆ జారుడుబండ ఎత్తు ఎక్కువని అర్థం, చిన్నది వెతకండి.

పార్కుకు ఉన్న పెద్ద లోటు వాన, ఎండ, చీకటి. ఇంకో లోటు గేటు. గేటు తెరిచే ఉండి, అవతలే రోడ్డు ఉంటే, పరుగు నేర్చిన రెండేళ్ల పిల్లతో ఒంటరిగా వెళ్లడం ఆటలా ఉండదు, కాపలా డ్యూటీలా ఉంటుంది.

ఇండోర్ ప్లే జోన్

వాన రోజుల్లో, ఎండలు మండే రోజుల్లో దీని విలువ తెలుస్తుంది. మెత్తని గోడలు, బంతుల తొట్టి, చిన్న సొరంగాలు, ఏసీ. ఏడాదిన్నర నుంచి నాలుగేళ్ల మధ్య పిల్లలకు బాగా నచ్చుతుంది. టికెట్ కాక సాక్సులకూ తోడొచ్చిన పెద్దవాళ్లకూ విడిగా తీసుకునే చోట్లున్నాయి, ముందే అడగండి.

మెత్తగా ఉందంటే సురక్షితమనుకోవద్దు. ఇక్కడ దెబ్బలు తగిలేది ఎక్కువగా నేల వల్ల కాదు, తోటి పిల్లల వల్ల. ఎనిమిదేళ్లవాళ్లు పైనుంచి దూకే చోట పాకే బిడ్డ ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. సెలవు రోజు సాయంత్రాల్లో చిన్నవాళ్లతో వెళ్లకపోవడమే మంచిది. వారం మధ్యలో ఉదయం పూట అదే చోటు పూర్తిగా వేరేలా ఉంటుంది. ట్రాంపోలిన్ విషయంలో నాకు మొహమాటం లేదు: ఆరేళ్లలోపు వాళ్లకు వద్దన్నదే పిల్లల డాక్టర్ల సలహా. ఒకేసారి ఇద్దరు ఎగిరితే బరువు తక్కువున్నవాళ్లకే దెబ్బ తగులుతుంది.

శుభ్రత గురించి నేరుగా అడగండి: "బంతులు ఎన్నాళ్లకోసారి కడుగుతారు? ఎవరైనా వాంతి చేసుకుంటే ఏం చేస్తారు?" సమాధానం టక్కున వచ్చిందంటే అక్కడ పద్ధతి ఉన్నట్టు. "రోజూ క్లీన్ చేస్తాం మేడమ్" అని నవ్వేసి ఊరుకుంటే లేనట్టు. ఆడుకున్నాక చేతులు సబ్బుతో కడగండి, శానిటైజర్ సరిపోదు. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ ఆల్కహాల్ జెల్‌కు అంత తేలిగ్గా లొంగదు. తట్టు టీకా ఇంకా పడని పసిబిడ్డతో, చుట్టుపక్కల తట్టు కేసులున్నాయని వింటే, కిటికీలు లేని గదులకు కొన్నాళ్లు దూరంగా ఉండండి. ఆ వైరస్ మనిషి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా గాలిలో ఉండగలదు.

చెవులు మూసుకునే పిల్లలు కొందరుంటారు. పాటలు, అరుపులు, మెరిసే లైట్లు కలిసి వాళ్లను పది నిమిషాల్లో ఏడిపిస్తాయి. అది మొండితనం కాదు. అలాంటి బిడ్డకు పార్కో లైబ్రరీయో చూడండి.

నెలవారీ ప్యాకేజీ మొదటి రోజే కొనకండి. రెండు మూడు సార్లు విడి టికెట్‌తో వెళ్లాక కూడా బిడ్డ అడుగుతుంటే అప్పుడు చూసుకోవచ్చు.

లైబ్రరీ కథల గంట, బొమ్మల లైబ్రరీ

చాలా లైబ్రరీల్లో కథల కార్యక్రమం ఉచితం. అరగంట లోపే ముగుస్తుంది, ఇంటికి వెళ్లేటప్పుడు చేతిలో పుస్తకం ఉంటుంది. కూర్చోడు కదా అని మానుకోకండి. రెండేళ్ల పిల్లాడు కథ వింటూ గదంతా తిరగడం మామూలే, నిర్వాహకులకు అది తెలుసు. తెలియని నిర్వాహకులైతే వేరే చోటు చూసుకోవాలి.

బొమ్మల లైబ్రరీ మాత్రం అందరికీ దొరకదు, దొరికితే వదలకండి. బొమ్మలు అరువిచ్చే ఈ పద్ధతి 1935లో లాస్ ఏంజెలిస్‌లో మొదలైంది. పిల్లలు ఆరు వారాలు ఆడి పక్కన పడేసే పెద్ద బొమ్మలకు (తోసుకుంటూ నడిచే బండి, చిన్న జారుడుబండ, చెక్క దిమ్మెల పెట్టె) ఇది సరైన దారి. ఇల్లు చిన్నదైతే మరీను. తెచ్చాక కడగండి, విరిగిన ముక్కలున్నాయేమో చూడండి. ప్రతి వస్తువునూ నోట్లో పెట్టుకునే వయసులో 3.2 సెంటీమీటర్ల కన్నా సన్నగా ఉన్న ఏ ముక్కా బిడ్డకు అందకూడదు. గుండ్రటివైతే అంతకన్నా కాస్త పెద్దవి కూడా గొంతుకు అడ్డం పడతాయి. బటన్ బ్యాటరీ ఉన్న బొమ్మకు ఆ మూత స్క్రూతో బిగించి ఉండాలి. మింగిన బటన్ బ్యాటరీ రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. అలా జరిగిందన్న అనుమానం వచ్చినా ఆసుపత్రికి పరుగెత్తడమే.

ప్లే గ్రూప్

నలుగురైదుగురు తల్లిదండ్రులు వారానికోసారి ఒకరింట్లోనో, ఖాళీ హాల్లోనో కలవడం. నా లెక్కలో ఏడాదిలోపు బిడ్డ ఉన్నవాళ్లకు ఇదే మొదటి ఎంపిక, కారణం బిడ్డ కాదు, మీరు. నిద్ర లేని రాత్రుల గురించి అదే రాత్రి గడిపినవాళ్లతో మాట్లాడితే వచ్చే ఊరట ఇంకెక్కడా రాదు.

"మావాడు ఎవరితోనూ కలవట్లేదు" అని బెంగపడేవాళ్లకు ఒక మాట. మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు 1932లో పిల్లల ఆటను దశలుగా విడదీసి చూపించారు. పక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకోవడం కూడా అందులో ఒక రకం. రెండేళ్ల పిల్లలు ఎక్కువగా ఆడేది అలాగే. కలిసి ఒక ఆట కట్టడం, వంతులు వేసుకోవడం తర్వాత వస్తాయి. కాబట్టి ఆ వయసులో బిడ్డ తన బొమ్మ పక్కవాళ్లకు ఇవ్వకపోవడం పెంపకంలో లోపం కాదు. ఒకే రకం బొమ్మలు రెండు మూడు పెడితే సగం గొడవలు తగ్గుతాయి.

ప్లే గ్రూపులు విడిపోయేది పిల్లల వల్ల కాదు, పెద్దల మధ్య చెప్పుకోని విషయాల వల్ల. జ్వరం ఉంటే రాకూడదన్నది, ఫొటోలు ఎక్కడ పెట్టొచ్చన్నది, బిడ్డ కొడితే ఎవరు కలగజేసుకోవాలన్నది మొదటి వారమే మాట్లాడుకోండి. కాస్త ఇబ్బందిగా ఉన్నా అదే నయం.

బేబీ క్లాసులు

పాటల క్లాసు, జిమ్ క్లాసు, ఈత క్లాసు. వేళ స్థిరంగా ఉంటుంది, నడిపించేవాళ్లుంటారు, రోజుకో రకంగా బిడ్డతో ఎలా ఆడాలో మీకు తెలుస్తుంది. నిజానికి నేర్చుకునేది మీరే. పది వారాలు వెళ్తే ఆ పాటలన్నీ ఇంట్లో మీరే పాడుకోగలరు. "మెదడు ఎదుగుదల పెంచుతాం", "తెలివితేటలు రెట్టింపు" అని రాసిన చోట డబ్బు కట్టే ముందు ఆలోచించండి. ఈత క్లాసుకు వెళ్లిన బిడ్డయినా సరే, నీళ్ల దగ్గర పెద్దవాళ్లు చెయ్యి అందేంత దూరంలోనే ఉండాలి.

ఒక్క చూపులో

| | బాగా సరిపోయే వయసు | ఖర్చు | పెద్దవాళ్లకు తోడు | ముఖ్యంగా చూడాల్సింది |
|---|---|---|---|---|
| పార్కు | నడక వచ్చినప్పటి నుంచి | లేదు | అదృష్టం బట్టి | నేల, నీడ, గేటు |
| ఇండోర్ ప్లే జోన్ | ఏడాదిన్నర–4 ఏళ్లు | ఎక్కువ | తక్కువ | పెద్ద పిల్లల రద్దీ, శుభ్రత |
| లైబ్రరీ కథలు | ఏ వయసైనా | లేదు, లేదా నామమాత్రం | కొంత | నిర్వాహకుల ఓపిక |
| బొమ్మల లైబ్రరీ | 6 నెలల నుంచి | తక్కువ | తక్కువ | చిన్న ముక్కలు, బ్యాటరీ మూత |
| ప్లే గ్రూప్ | పుట్టినప్పటి నుంచి 3 ఏళ్లు | తక్కువ | చాలా ఎక్కువ | ముందే చెప్పుకున్న నియమాలు |
| బేబీ క్లాసు | 4 నెలలు–3 ఏళ్లు | ఎక్కువ | మధ్యరకం | అతి వాగ్దానాలు |

ఎవరికి ఏది

*మొదటి బిడ్డ, ఆరు నెలల లోపు, ఇంట్లో ఒంటరిగా:* ప్లే గ్రూప్, లేదా లైబ్రరీ. ప్లే జోన్‌కు ఇంకా తొందర లేదు. ఒక్కో రోజు ఏడుపొస్తే సర్దుకుపోతుంది. కానీ దిగులు, ఆసక్తి లేకపోవడం, బిడ్డ నిద్రపోయినా మీకు నిద్ర పట్టకపోవడం రెండు వారాలకు మించి ఉంటే డాక్టరుకు చెప్పండి. కాన్పు తర్వాతి దిగులును గుర్తించడానికి పది ప్రశ్నల ఎడిన్‌బరో ప్రశ్నావళి 1987 నుంచి వాడుకలో ఉంది, నింపడానికి ఐదు నిమిషాలు చాలు. బిడ్డకో మీకో హాని చేసుకోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగకుండా అదే రోజు వెళ్లాలి.

*ఇద్దరూ ఉద్యోగస్తులు, ఖాళీ వారాంతమే:* పొద్దున్నే పార్కు. తొమ్మిది లోపు వెళ్తే రద్దీ ఉండదు. ప్లే జోన్ తప్పకపోతే తెరిచిన మొదటి గంటలో వెళ్లండి.

*కవలలు, లేదా వయసు తేడా ఉన్న ఇద్దరు:* చుట్టూ కంచె ఉండి, ఒకే చోట కూర్చుని అంతా కనిపించే స్థలం. అది పార్కా, గదా అన్నది తర్వాత. ఇద్దరూ చెరో దిక్కుకు పరుగెత్తినప్పుడు మీకు అర్థమవుతుంది.

*పిల్లల్ని చూసుకునేది అమ్మమ్మ, తాతయ్య అయితే:* వంగి సొరంగాల్లో దూరాల్సిన ప్లే జోన్ వద్దు. బెంచీలు, నీడ, దగ్గర్లో బాత్రూమ్ ఉన్న పార్కు, లేదా లైబ్రరీ.

*ఎదుగుదలలో తేడా ఉన్న బిడ్డ:* ఫోన్ చేసి రద్దీ లేని వేళ అడగండి. కొన్ని చోట్ల పాటలు ఆపి, లైట్లు తగ్గించే గంటలు విడిగా పెడతారు. థెరపిస్టు ఉంటే బిడ్డ ఇప్పుడు సాధన చేస్తున్న కదలికకు ఏ పరికరం పనికొస్తుందో వాళ్లనే అడగడం మంచిది.

అరువు, సెకండ్ హ్యాండ్ సామాన్లు

చోటు సంగతి తేలాక తర్వాతి ప్రశ్న సామాను. బట్టలు, పుస్తకాలు, చెక్క బొమ్మలు, స్నానం తొట్టి, స్ట్రోలర్ (బ్రేకులు, బెల్టులు చూసుకుని) నిశ్చింతగా తీసుకోవచ్చు. పిల్లలు వాటిని అరగదీసే లోపే పెరిగిపోతారు.

కారు సీటు మాత్రం, దాని చరిత్ర పూర్తిగా తెలిసినవాళ్ల దగ్గర తప్ప తీసుకోవద్దు. ప్రమాదంలో పడిన సీటు పైకి బాగానే కనిపిస్తుంది. దాని మీద గడువు తేదీ కూడా ఉంటుంది. తొట్టిమంచానికైతే కడ్డీల మధ్య సందు 6 సెంటీమీటర్లకు మించకూడదు. ఒక పక్క కిందికి జారే రకాన్ని అమెరికాలో 2011 నుంచి అమ్మనివ్వడం లేదు, ఎవరైనా ఉచితంగా ఇచ్చినా వద్దనండి. పాలు పిండే పంపుల్లో ఒక్కరి వాడకం కోసం తయారైనవి మరొకరు వాడకూడదు. ట్యూబులు మార్చినా లోపలి మోటారులోకి పాలు చేరి ఉండొచ్చు. ఆసుపత్రులు అద్దెకిచ్చే రకం వేరు, దానికి ఎవరి కిట్ వాళ్లకుంటుంది.

చక్రాల బేబీ వాకర్‌ను కొత్తదైనా పాతదైనా కొనకండి. నడక త్వరగా రాదు సరికదా, మెట్ల మీంచి దొర్లే ప్రమాదం ఎక్కువ. కెనడా 2004లో దాని అమ్మకాన్నే నిషేధించింది. దాని బదులు నేల మీద ఒక చాప, పట్టుకుని లేవడానికి కదలని బల్ల ఉంటే సరిపోతుంది.

సలహాలు ఎవర్ని అడగాలి

ఏ పార్కులో నీడ ఉంది, ఏ క్లాసులో టీచరు ఓపికస్తురాలు, ఎవరి దగ్గర స్ట్రోలర్ ఖాళీగా ఉంది లాంటివి తోటి తల్లిదండ్రుల గ్రూపులో అడగండి. ఏ డాక్టరుకూ ఇవి తెలియవు. జ్వరం, మందు మోతాదు, టీకా తేదీ, బరువు పెరగకపోవడం మాత్రం పిల్లల డాక్టరునో, టీకాలు వేసే ఆరోగ్య కేంద్రాన్నో అడగండి. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ గానీ అంతకు మించి గానీ ఉంటే గ్రూపులో పోస్టు పెట్టి జవాబుల కోసం చూస్తూ కూర్చోవద్దు, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పాలు పట్టడంలో ఇబ్బందికి తల్లిపాల సలహాదారులు ఉంటారు, కాన్పు జరిగిన ఆసుపత్రిలోనే ముందు విచారించండి. ఎదుగుదల యాప్‌లు టీకా గుర్తు చేయడానికి బాగానే ఉంటాయి. "ఈ వారం మీ బిడ్డ ఇది చేయాలి" అనే నోటిఫికేషన్లను మాత్రం ఆపేసుకోండి.